పదహారు జీబీ, పద్నాలుగు నిమిషాలు

“స్టూలు జారింది. తల బల్ల అంచుకు తగిలింది. అంతకు మించి ఇక్కడేమీ లేదక్కా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, పెన్ను జేబుకు తగిలించుకుంటూ.

అక్క మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద నేలను చూస్తోంది. డిపార్ట్‌మెంటులో ఉన్న పదిహేనేళ్ళూ ఆమెను అందరూ ‘భూతద్దం’ అనేవారు. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఆమె ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు ఈ ఇన్‌స్పెక్టర్ తమ్ముడే కూర్చున్నాడు. అక్క తన కేసుల్లో వేలు పెట్టిందంటే చాలు, అతనికి ఒళ్ళు మండుతుంది.

అది కింది వాటాలో వెనకగది. గోడ పొడవునా అరల్లో తారీఖులు రాసిన క్యాసెట్లు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద పక్కరేకు విప్పేసిన పాత కంప్యూటరు. నేల మీద పక్కకు పడిన స్టూలు, బల్ల అంచున ఆరిపోయిన నెత్తుటి మరక. ఆ ఇంటాయన అరవై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ రికార్డిస్టు. రేడియోలో ముప్ఫై అయిదేళ్ళు శబ్దాలు పట్టిన మనిషి. ఇప్పుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

గుమ్మం దగ్గర కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉంది, ఒళ్ళో పలకతో. ఎనిమిది నెలల క్రితం గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆవిడకు మాట పోయింది. అంతకు ముందు ముప్ఫయ్యేళ్ళ పాటు రేడియోలో పిల్లలకు కథలు చెప్పింది ఆవిడే. చాలా కథలు ఆయన ఈ గదిలోనే రికార్డు చేసేవాడు. భూతద్దమూ ఆమె తమ్ముడూ ఆ గొంతు వింటూ అన్నాలు తిన్నవాళ్ళే. మధ్యాహ్నం భూతద్దానికి ఆవిడ దగ్గర్నుంచి చిన్న మెసేజ్ వచ్చింది. ‘ఒకసారి రా అమ్మా. ఆయన అలా పడే మనిషి కాదు.’

“అమ్మా, పొద్దుట్నించీ ఏం జరిగిందో టైములతో చెప్తారా?” అని అడిగింది భూతద్దం.

పలక మీద బలపం కదిలింది. పదిన్నరకు ఆయన షాపు నుంచి వచ్చారు. కంప్యూటరుకు కొత్త మెమరీ తెచ్చారు. నేను పావు తక్కువ పదకొండుకు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పన్నెండుంబావుకు తిరిగొచ్చాను. అప్పటికే అంబులెన్స్ తీసుకెళ్ళిపోయింది.

“అంబులెన్స్‌ని పిలిచిందెవరు?”

పై వాటా తమ్ముడు, అని రాసిందావిడ.

“పైన ఉండే దర్జీ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పేపరు కోసం కిందికొస్తే పెద్దాయన పడి ఉన్నాడట. ఫోను చేసింది పదకొండూ ఇరవయ్యారుకి, రికార్డులో ఉంది. పాపం, అప్పట్నుంచీ ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నాడు. ఇంకేం కావాలి నీకు?”

“మెమరీ కావాలి.” భూతద్దం లేచి కంప్యూటరు లోపలికి టార్చి వేసింది. “ఇదిగో, మెమరీ పెట్టే స్లాట్లు రెండు. రెండూ ఖాళీ. కొత్తవి వచ్చిన ప్యాకెట్లు రెండు చెత్తబుట్టలో ఉన్నాయి, అవీ ఖాళీ. మరి కొత్తవేవి? తీసేసిన పాతవేవి?”

“ఎక్కడో దొర్లిపోయి ఉంటాయి.”

“జానెడు పొడుగున్న పచ్చ రేకులు నాలుగూ కూడబలుక్కుని దొర్లిపోయాయా?”

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. “ఈ ఇంట్లో చేతి గడియారం పోలేదు, ఆయన ఫోను పోలేదు. ఎవడైనా దొంగ వచ్చి కంప్యూటరు ముక్కలు నాలుగు పట్టుకుపోతాడా? అక్కా, నీకు పని లేకపోతే ఇంటికెళ్ళి పడుకో. నా కేసులో లేని హత్యాయత్నాలు పుట్టించకు.”

“దొంగ రాలేదనే నేనూ అంటున్నా,” అని ప్యాకెట్ మీది షాపు చిరునామా చూసుకుని బయటికి నడిచింది భూతద్దం. గడియారంలో రెండూ నలభై.

*

షాపు రెండు వీధుల అవతల ఉంది. అద్దాల బల్ల వెనక ముప్ఫయ్యేళ్ళ యజమానురాలు ఏదో బోర్డుకు సోల్డరింగ్ చేస్తోంది. సంగతి వినగానే చేతిలోది పక్కన పెట్టేసింది.

“తాతగారికా? అయ్యో! పొద్దున్నే కదండీ, ఇక్కడ నవ్వుతూ నిలబడ్డారు!”

“ఆయన మెమరీ ఎలా ఎంచుకున్నారో మొదట్నుంచీ చెప్పండి. చిన్న విషయమే కదా అని ఏదీ వదిలేయకండి.”

“ఒక్కరోజులో తేలిన బేరం కాదండీ అది. మూడుసార్లు వచ్చారు.” ఆమె గొంతు మెత్తబడింది. “మొదటిసారి కాగితం మీద బోర్డు నంబరు రాసుకొచ్చారు. పాత మెషీను, నాలుగు జీబీలే ఉన్నాయి. పాత క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేస్తున్నారట. ‘టేపు పొడుగైతే మెషీను బిగుసుకుపోతోందమ్మా, ఆవిడ గొంతు సగంలో ఆగిపోతోంది’ అన్నారు. ఆ మాట విన్నాక నాకు మరో బేరం మీద మనసు పోలేదు.”

“తర్వాత?”

“ఎనిమిది చాలు తాతగారూ అన్నాను. లేదు, ఆ సాఫ్ట్‌వేరు గొంతునీ చప్పుళ్ళనీ విడదీసేటప్పుడు ఎంత తింటోందో నేను చూశాను, పన్నెండు దాటుతోంది అన్నారు. ఆ బోర్డు పదహారుకు మించి పట్టదు. స్లాట్లు రెండే. అందుకని ఎనిమిదేసి రెండు, రెండూ ఒకే జత అయ్యుండాలి అనుకున్నాం. రెండోసారి వచ్చినప్పుడు పాత ముక్కని వెండి కాగితంలో చుట్టుకొచ్చారు. ఇప్పుడొచ్చే కొత్త రకం దాని పక్కన పెట్టి చూపించాను. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ కింద ఉండే గంటు చోటు వేరు, అందులో దిగవు. మీకు మూడో రకమే కావాలి, అది కూడా ల్యాప్‌టాప్‌ది కాదు, పొడుగుది అని చెప్పాను. ఆ జత దొరకడానికి నాకు వారం పట్టింది.”

“మెమరీ అంటే ఏంటో ఆయనకు బాగా తెలుసన్నమాట.”

“నాకంటే బాగా చెప్పేవారండీ. హార్డ్ డిస్కు బీరువా, మెమరీ పని చేసుకునే బల్ల. బల్ల చిన్నదైతే పెద్ద గుడ్డ పరవలేం. కరెంటు తీస్తే బల్ల ఖాళీ అయిపోతుంది, బీరువాలో దాచింది మాత్రం ఉంటుంది. ఇది ఆయన మాటే, ఇప్పుడు నా కస్టమర్లందరికీ నేనూ ఇదే చెప్తున్నా.”

“ఆయనే బిగించుకుంటానన్నారా?”

“అన్నారు, బిగించారు కూడా!” ఆమె ఫోను తీసి చూపించింది. కంప్యూటరు తెర ఫొటో, అందులో 16 అంకె. కింద ఒక మాట. ‘అమ్మా, పదహారూ కనిపిస్తున్నాయి. చల్లగా ఉండు.’ వచ్చిన టైము పదకొండూ పన్నెండు.

భూతద్దం ఆ అంకెల్ని రెండుసార్లు చదివింది. పదకొండూ పన్నెండుకు మెమరీ బిగించడం అయిపోయింది. పదకొండూ ఇరవయ్యారుకు అంబులెన్స్‌కి ఫోను వెళ్ళింది. బిగిస్తూ పడిపోయాడన్న మాట అబద్ధం. ఆ పద్నాలుగు నిమిషాల్లో ఎవరో వచ్చారు, నడుస్తున్న కంప్యూటర్లోంచి ఆ ముక్కల్ని పీకేశారు. బీరువాను ముట్టుకోకుండా ఖాళీ బల్లను ఎత్తుకుపోయారు. అంటే వచ్చినవాడికి కంప్యూటరు సంగతి బొత్తిగా తెలియదు. ఆయన నోట ‘మెమరీ’ అన్న మాట మాత్రం విన్నాడు.

“ఇక్కడ ఉండగా ఆయన ఎవరితోనైనా ఫోనులో మాట్లాడారా?”

“మాట్లాడారు. ‘ఆ రోజు టేపు సంగతి నీతో మాట్లాడాలి. పదకొండు కల్లా అంతా మెమరీలోకి ఎక్కించేస్తా. ఒకసారి దిగి రా’ అన్నారు.”

“బాగా గుర్తు తెచ్చుకోండి. రమ్మన్నారా, దిగి రమ్మన్నారా?”

“దిగి రా అనే అన్నారండీ. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. అందుకే గుర్తుంది.”

దిగి రావాలంటే పైన ఉండాలి. ఆ ఇంట్లో పైన ఉండేది ఒక్కడే. వాడిప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు.

*

“ఐసీయూలోకి బయటివాళ్ళని ఎన్నింటికి వదుల్తారు?” భూతద్దం వెనకగదిలోకి తిరిగొస్తూనే అడిగింది.

“నాలుక్కి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“గది దగ్గర ఒక కానిస్టేబుల్ని పెట్టు.”

“స్టూలు జారిన కేసుకి కాపలానా? పై ఆఫీసర్లు నన్ను చూసి నవ్విపోతారు.”

“అయితే పది నిమిషాలు నోరు మూసుకుని చూడు.”

షాపులో అడిగి తెచ్చుకున్న జత ఆమె చేతిలో ఉంది. ముందు ఒంటి మీది స్థిర విద్యుత్తు పోయేలా కంప్యూటరు ఇనప చట్రాన్ని వేళ్ళతో తాకింది. గంటు చూసుకుని ఒక్కో ముక్కనీ స్లాట్లో నిలబెట్టి, రెండు బొటనవేళ్ళతో నెమ్మదిగా అదిమింది. రెండు వైపులా ఉన్న క్లిప్పులు టక్కున మూసుకున్నాయి. మీట నొక్కగానే తెర వెలిగింది. హార్డ్ డిస్కు చెక్కుచెదరలేదు. పొద్దున ఆయన ఆఖరుసారి తెరిచిన ఫైలు పైనే ఉంది. ఇరవై రెండేళ్ళ కిందటి తారీఖు దాని పేరు.

ఆమె దాన్ని నొక్కింది.

ముందు వాన. రేకుల మీద పడే జోరు వాన. ఆ వానలోంచి ఒక గొంతు వచ్చింది, వెచ్చగా, నవ్వును పెదవి చివర ఆపుకుంటున్నట్టు. ‘పిల్లలూ, ఇవాళ మనం గొడుగు కోసం బయల్దేరిన తాబేలు కథ చెప్పుకుందామా?’

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర పెద్దావిడ కళ్ళు మూసుకుంది. ఆవిడ పెదవులు ఆ మాటల వెంట కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. కాసేపు ముగ్గురూ కేసు మాటే మర్చిపోయారు.

భూతద్దం ఫైలును ఆయన గుర్తు పెట్టుకున్న చోటికి జరిపింది. ముప్ఫై నాలుగో నిమిషంలో, కథ వెనకాల, వాన వెనకాల, ఇద్దరు మగవాళ్ళ గొంతులు వినిపించాయి. ‘కొట్టు తాళం ఇటివ్వన్నా!’ ‘ఇవ్వను, ఏం చేస్తావో చేసుకో!’ తర్వాత ఏదో జారిన చప్పుడు. ఒక కేక. ‘చెయ్యి వదల… రా!’ ఆ పైన వాన హోరు తప్ప ఇంకేమీ తెలియలేదు.

పెద్దావిడ తుళ్ళిపడింది. బలపం పలక మీద గబగబా పరిగెత్తింది. ఆ రోజే పై వాటా తమ్ముడి అన్న ఈ తలుపు బయటి మెట్ల మీంచి పడి చనిపోయాడు. తమ్ముడు ఆ టైములో కొట్లో ఉన్నానన్నాడు. మేమంతా నమ్మాం.

“చెయ్యి వదలరా అని అన్న మొత్తుకున్నాడు, తమ్ముడు కిందికి తోసేశాడు.” ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టేసుకున్నాడు. “ఇరవై రెండేళ్ళ నాటి హత్య. సాక్ష్యం దొరికిందని పెద్దాయన మీద కూడా చెయ్యి చేసుకున్నాడు. నాలుగింటికి వాడు లోపలికి వెళ్ళేలోపు నేనక్కడ ఉండాలి.”

“వెళ్ళు. కాపలా కాయి. బేడీలు మాత్రం అప్పుడే వద్దు. ‘వదల’కీ ‘రా’కీ మధ్య ఏదో ఉంది.”

“వాన ఉంది!” అనేసి వెళ్ళిపోయాడతను. మూడూ ఇరవై అయిదు.

భూతద్దం బల్ల ముందు కూర్చుంది. గొంతునీ చప్పుళ్ళనీ విడదీసే పని మొదలుపెట్టింది. ముప్ఫై నిమిషాలు పడుతుందని తెర మీద పడింది. పాత నాలుగు జీబీలతో అయితే ఈపాటికి మెషీను మొండికేసి కూర్చునేది. ఇప్పుడు గీత మెల్లగా జరుగుతోంది.

పెద్దావిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇద్దరూ ఆ గీతనే చూస్తూ కూర్చున్నారు.

“ఆ తాబేలుకి చివరికి గొడుగు దొరుకుతుందా అమ్మా? మా తమ్ముడు ఏడ్చి గోల చేసి ఆ రోజు రేడియో కట్టించేశాడు. కథ ఏమైందో నాకిప్పటికీ తెలీదు,” అంది భూతద్దం.

ఆవిడ నవ్వింది. పలక మీద రాసింది. దొరకదు. కానీ దారిలో వానలో తడుస్తున్న నత్తని తన డొప్ప కింద పెట్టుకుంటుంది.

తుడిచి మళ్ళీ రాసింది. ఆయన బతుకుతారా?

భూతద్దం ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. “డాక్టరు మా తమ్ముడితో గండం గడిచిందన్నాడమ్మా,” అంది. అది నిజం కూడా. ఆవిడ వేళ్ళు మాత్రం చాలాసేపు వదల్లేదు.

మూడూ యాభై ఆరుకు పని పూర్తయింది. తెర మీద రెండు ముక్కలు నిలబడ్డాయి. ఒకదాంట్లో కథ చెప్పే గొంతు మాత్రమే ఉంది. రెండోదాంట్లో ఆ గొంతు వెనక మిగిలినవన్నీ ఉన్నాయి. వానని బాగా తగ్గించి, భూతద్దం రెండోదాన్ని ముప్ఫై నాలుగో నిమిషం దగ్గర వినిపించింది.

‘చెయ్యి వదలకురా! చిన్నోడా, వదలకురా!’

‘వదలను అన్నా, వదలను! రెండో చెయ్యి ఇటివ్వు! వదినా… వదినా! తలుపు తియ్యండి, అన్నయ్యగారూ! జారిపోతున్నాడు, ఎవరైనా రండి! వదినా…’

ఆ పిలుపు నలభై సెకన్ల పాటు వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

తోసింది కాదు. తడి మెట్ల మీంచి జారిన అన్నను పట్టుకుని, పట్టు చాలక పోగొట్టుకున్న తమ్ముడు. అప్పుడే దెబ్బలాడుకున్నారు కాబట్టి నిజం చెప్తే ఎవరూ నమ్మరని భయపడి కొట్లో ఉన్నానన్నాడు. ఆ అబద్ధంతోనే ఇరవై రెండేళ్ళు బతికాడు.

భూతద్దం పక్కకు తిరిగింది. పెద్దావిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ చెయ్యి చాచి తెర మీద మొదటి ముక్కను, తన గొంతున్న ముక్కను చూపించింది. ఆ నలభై సెకన్లూ అక్కడ గీతలు లేస్తూనే ఉన్నాయి. తలుపు అవతల మనిషి కేకలు పెడుతుంటే, ఇవతల కథ నడుస్తూనే ఉంది.

వదినా, అన్నయ్యగారూ అంటూ మమ్మల్నే పిలిచాడు, అని రాసింది. బలపం విరిగింది. విరిగిన ముక్కతోనే రాసింది. వారం రోజులుగా ఆయనకి నిద్ర లేదు. ఒకరి కాళ్ళు పట్టుకోవాలి అన్నారు. ఎవరివో చెప్పలేదు. మొత్తం టేపు విన్నాక చెప్తానన్నారు.

అప్పుడు తేలింది భూతద్దానికి. ఆ రోజు టేపు సంగతి మాట్లాడాలి, దిగి రా అని రికార్డిస్టు పిలిచింది నిలదీయడానికి కాదు. క్షమించమని అడగడానికి. అవతలి మనిషికి మాత్రం తన అబద్ధమే బయటపడిందనిపించింది.

ఫోను మోగింది. ఇన్‌స్పెక్టర్. నాలుగూ పది.

“అక్కా…” అతని గొంతులో మధ్యాహ్నపు పొగరు లేదు. “పెద్దాయనకి తెలివొచ్చింది. పడేసిందెవరని అడిగాను. ఎవరూ లేరు, స్టూలు జారింది, ఇతనే నన్ను కాపాడాడు అంటున్నాడు. ఈ దర్జీ పక్కన నిలబడి, కాదు సార్, మెమరీ నేనే పీక్కున్నాను, ఆయన అడ్డొస్తే తోసేశాను, నన్ను తీసుకుపొండి అంటున్నాడు. ఇద్దరూ ఏడుస్తున్నారు. నేనేం రాసుకోవాలి?”

“మెమరీలు?”

“జేబురుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టాడు. నాలుగూ ఉన్నాయి. కాలవలో పారేద్దామనే తీశాడట. తీసుకెళ్ళి పారేయలేకపోయాడట. ఇందులో మా అన్న గొంతుంది సార్, ఇరవై రెండేళ్ళయింది విని, పాడవకుండా చూడండి అంటున్నాడు.” అతను ఆగాడు. “ఉందా అక్కా, ఇందులో?”

భూతద్దం తెర మీది రెండో ముక్క వైపు చూసింది.

“అందులో ఏమీ లేదురా. పీకిన క్షణంలోనే అంతా పోయింది,” అంది. “గొంతు ఇక్కడుంది. రాసుకోవడం తర్వాత చూద్దాం. ముందు నీ ఫోను అతని చెవి దగ్గర పెట్టు.”

ఆమె తన ఫోనును స్పీకరు పక్కన పెట్టి మీట వైపు చెయ్యి చాపింది. పెద్దావిడ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది. కళ్ళు తుడుచుకుని, బల్ల మీదికి వంగి, తనే మీట నొక్కింది.